ఆరో తరగతికి ఏ సర్కారు బడి? పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు వాళ్ళు చెప్పండి

పాతబజారు | పర్లాకిమిడి | మార్చి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఈ నెలతో అయిదు పూర్తి చేస్తోంది. చదివేది మా వీధి చివరి సర్కారు ప్రైమరీ బళ్ళో, ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే. వాళ్ళ నానమ్మ పుణ్యమా అని తెలుగు చదవడం వచ్చింది. రాయమంటే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతుంది.

ప్రైవేటు మాట ఎత్తకండి. అప్పు చేసి రెండేళ్ళు చదివించి, ఫీజు కట్టలేక మధ్యలో సర్కారు బడికి తెచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఆ పిల్లలు పడ్డ అవస్థ చూశాక ముందే సర్కారు బడి అని తేల్చుకున్నాం.

ఇప్పుడు మా ముందున్నవి ఇవి. ఇంటికి దగ్గర్లో ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూలు. కొంచెం దూరంలో ఆరు నుంచి పది దాకా ఉన్న హైస్కూలు. ఆదర్శ విద్యాలయ అని సర్కారు ఇంగ్లీషు మీడియం బడి ఉంది గానీ ఎంట్రన్సులో గట్టెక్కాలి. మా ఆవిడ పుట్టింటివాళ్ళేమో నది అవతల, ఆంధ్రాలోని పాతపట్నం. అక్కడ జిల్లా పరిషత్ హైస్కూల్లో వేసెయ్యండి, మా ఇంట్లోనే ఉంటుంది అంటున్నారు. నవోదయ కూడా రాసింది, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

ఈ మధ్య పిల్లల్ని చేర్పించినవాళ్ళు పోల్చి చెప్పండి. బడి పేరు పెట్టి తిట్టొద్దు, రేపు ఇదే ఊళ్ళో బతకాలి.

కాశీనగరం కుర్రోడు | మార్చి 8, రాత్రి 10:05

అన్నా, యూపీ స్కూలంటే ఎనిమిదితో సరి. తొమ్మిదికి మళ్ళీ టీసీ పట్టుకుని తిరగాల. మా తమ్ముడికి అదే అయింది. ఎనిమిది దాకా పాతికమంది లేని క్లాసులో రాజాలాగ కూర్చున్నాడు. తొమ్మిదిలో కిక్కిరిసిన సెక్షన్లో పడేసరికి ఆరునెలలు నోరిప్పలేదు. హైస్కూల్లోనే ఆరు ఉన్నప్పుడు ఇంక ఆలోచనేటి? ఒడిశా సర్కారు 5టీ పథకం వచ్చాక హైస్కూళ్ళకి రంగులు, స్మార్ట్ క్లాసులు, ల్యాబులు వచ్చాయి. యూపీ బళ్ళకి ఏటొచ్చింది?

గుణుపురం కోడలు | మార్చి 8, రాత్రి 10:31

తమ్ముడూ, ఆ రంగులు చూసే మేమూ పెద్దమ్మాయిని హైస్కూల్లో వేశాం. అక్కడ కథ వేరు. మెట్రిక్ (పదో తరగతి) ఫలితాలు తగ్గితే హెడ్‌మాస్టర్ని పైవాళ్ళు నిలదీస్తారు. అందుకని బాగా చెప్పే మాస్టార్లందరినీ తొమ్మిది, పదికే వేస్తారు. ఆరు, ఏడు క్లాసులకి ఆ పూట ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. మా అమ్మాయికి ఆరో తరగతిలో సగం ఏడాది లెక్కలు చెప్పింది డ్రిల్లు మాస్టారు. ఆయన మంచాయనే, పాపం, కానీ భిన్నాలు ఆయన పని కాదు కదా.

రెండోదాన్ని యూపీ స్కూల్లో వేశాం. ఉన్నది ముగ్గురే టీచర్లు. కానీ మా పిల్ల రెండు రోజులు రాకపోతే ఫోన్ చేస్తారు. స్మార్ట్ బోర్డు లేదు, ఉన్న నల్లబోర్డు మీదే రోజూ రాస్తారు.

అరసవిల్లి అల్లుడు | శ్రీకాకుళం | మార్చి 8, రాత్రి 11:12

ప్రైవేటు మాట ఎత్తొద్దన్నారు గానీ ఎత్తుతున్నా. ఈ రోజుల్లో ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు. మీరు ఒడియా మీడియంలో నానిస్తే పిల్ల రేపు ఇంటర్లో ఇంగ్లీషు చూసి బెదిరిపోతుంది.

పాతబజారు | మార్చి 9, ఉదయం 6:50

అల్లుడుగారూ, మీ మామగారు కడతానంటే రేపే చేరుస్తాను :)

చాక్‌పీసు | పర్లాకిమిడి | మార్చి 9, ఉదయం 8:15

నేను ఈ జిల్లాలోనే లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. హైస్కూలూ చూశాను, యూపీ బడీ చూశాను. పైన ఇద్దరు చెప్పిందీ నిజమే. అందుకే బోర్డు మీద హైస్కూలని ఉందా, యూపీ అని ఉందా అన్నది పక్కన పెట్టండి. ఏడో తరగతికి లెక్కలు ఎవరు చెప్తున్నారో కనుక్కోండి. ఆరులో పాత పాఠాలతో నెట్టుకొస్తారు, ఎనిమిదికి వచ్చేసరికి అలవాటు పడిపోయి ఉంటారు. బీజగణితం కాళ్ళకి చుట్టుకునేది ఏడులోనే. అక్కడ వదిలేసిన పిల్లని మెట్రిక్‌లో ఏ ట్యూషను మాస్టారూ లేపలేడు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 35 మందికి ఒక టీచరు ఉండాలి. కనీసం సైన్సు-లెక్కలకి ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకి ఒకరు. పిల్లలు వంద దాటితే పూర్తికాలం హెడ్‌మాస్టరు. మన దగ్గర పోస్టుల్ని టీజీటీ ఆర్ట్స్, టీజీటీ పీసీఎం (ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు), టీజీటీ సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ), హిందీ, సంస్కృతం, పీఈటీ అని విడగొడతారు. బడికెళ్ళి "లెక్కల మాస్టారు ఉన్నారా" అని అడిగితే ఉన్నారనే అంటారు. "పీసీఎం పోస్టు నిండిందా, ఆయన ఆరు, ఏడు క్లాసులకి వారానికి ఎన్ని పీరియడ్లు వెళ్తారు" అని అడగండి. జవాబు చెప్పేముందు టైంటేబుల్ వైపు చూశారంటే మంచి బడే. ఫ్యాను వైపు చూశారంటే లేచి వచ్చెయ్యండి.

ఇంకోటి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఒడిశావి 21తో మొదలవుతాయి, నది దాటితే 28. యూడైస్ ప్లస్ సైటులో మీ బడిని వెతుక్కుంటే ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, మరుగుదొడ్లు, కరెంటు అన్నీ కనిపిస్తాయి. అక్కడ రాసింది అంతా నమ్మమని కాదు. పిల్లల సంఖ్య మూడేళ్ళుగా పెరుగుతోందా తరుగుతోందా చూడండి చాలు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటున్నారో ఆ అంకెలే చెప్తాయి.

వెళ్ళేటప్పుడు ఉదయం ప్రార్థన వేళకి వెళ్ళకండి, అప్పుడు అన్ని బళ్ళూ బాగానే ఉంటాయి. భోజనం అయ్యాక రెండు గంటలకి వెళ్ళండి.

రాయగడ ప్యాసింజరు | మార్చి 9, ఉదయం 9:02

మాస్టారూ దండాలు. ఆ ఫ్యాను చూపు నాకు బాగా తెలుసు.

పాతబజారు గారూ, మీడియం తేల్చుకునేముందు ఒక కాగితం సంగతి చూసుకోండి. రేపు పాప ఒడిశా సర్కారు ఉద్యోగానికి పెట్టుకోవాలంటే ఒడియా వచ్చని రుజువు కావాలి. ఉద్యోగాలిచ్చే ఒడిశా కమిషన్లు ఓఎస్‌ఎస్‌సీ, ఓపీఎస్‌సీ నోటిఫికేషన్లలో అది ఒక పేరాగా ఉంటుంది, ఎవరూ చదవరు. ఏడో తరగతి గానీ ఆపైన గానీ ఆఖరి పరీక్షలో ఒడియా ఒక భాషగా ప్యాసై ఉండాలి. లేదా మెట్రిక్ ఒడియా మీడియంలో రాసి ఉండాలి. ఏదీ లేకపోతే బోర్డు పెట్టే ఎంఈ స్టాండర్డ్ (ఏడో తరగతి స్థాయి) ఒడియా పరీక్ష విడిగా ప్యాసవ్వాలి.

మా అన్నయ్యగారబ్బాయి కేంద్రీయ విద్యాలయంలో చదివాడు. అక్కడ హిందీ, సంస్కృతం, ఇంగ్లీషే, ఒడియా లేదు. డిగ్రీ అయ్యాక గ్రూపు పోస్టు పడింది, అర్హతలన్నీ ఉన్నాయి, ఒడియా కాగితం ఒక్కటే లేదు. ఇరవై రెండేళ్ళ వాడు ఏడో తరగతి పిల్లల ఒడియా వాచకం పట్టుకుని కూర్చున్నాడు. ఇంటిల్లిపాదికీ నవ్వు, వాడికి ఏడుపు. పాతపట్నంలో వేస్తే మీ పాపకీ అదే లెక్క. ఆదర్శలో ఇంగ్లీషు మీడియమైనా ఒడియా సబ్జెక్టుగా ఉంటుంది, ఆ భయం లేదు.

నదికవతల | పాతపట్నం | మార్చి 9, మధ్యాహ్నం 1:20

నేను ఇవతల సర్కారు బళ్ళో పని చేస్తున్నాను కాబట్టి ఇవతలి సంగతి చెప్తాను. ఆరు నుంచి ఇంగ్లీషు మీడియం, పుస్తకంలో ఒక పక్క పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగు మొదటి భాష, ఆరు నుంచి హిందీ మొదలు. మీ పాప ఒడియాలో సైన్సు చదివి వస్తుంది కాబట్టి మొదటి ఆరునెలలూ రెండు పేజీల్లో ఏదీ పూర్తిగా ఆమెది కాదు. అలాంటి పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. తెలివైనవాళ్ళు దసరా నాటికి అందుకుంటారు. కొందరు మాత్రం మూడేళ్ళూ వెనక బెంచీలోనే ఉండిపోతారు. తెలివి లేక కాదు. ఏ పదం అర్థం కాలేదో అడగడానికి సిగ్గు.

తల్లికి వందనం డబ్బుల కోసమే కొందరు ఇటు రావాలనుకుంటారు. 15,000లో 2,000 బడి నిర్వహణకి పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. అది ఆంధ్రా రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకి. మీది ఒడిశా కార్డు అయితే ఆశ పెట్టుకోకండి. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు మాత్రం బళ్ళో ఉన్న పిల్లలందరికీ.

నోటిఫికేషన్ల నరసన్న | టెక్కలి | మార్చి 9, సాయంత్రం 4:48

అందరూ ఒడిశా ఉద్యోగం గురించే మాట్లాడుతున్నారు. ఆంధ్రాలో లోకల్ అవ్వాలంటే? ఉద్యోగాలకి 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, మెట్రిక్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఆ లోకల్ ఏరియాలో చదివి ఉండాలి. అంటే 7, 8, 9, 10. ఇంజినీరింగు లాంటి సీట్లకి 1974 ఉత్తర్వు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్ళు.

దీన్నిబట్టి ఆరో తరగతికే పరుగెత్తుకుని రానక్కర్లేదు. ఏడు మొదట్లో మారినా ఉద్యోగాలకి లోకలే. తొమ్మిదిలో మారితే సీట్లకి లోకల్, ఉద్యోగాలకి నాన్‌లోకల్. ఎనిమిది మధ్యలో మార్చి, నాలుగేళ్ళకి ఒక ఏడాది తక్కువై ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. మీ పాప నోటిఫికేషన్ వచ్చేనాటికి రూలు ఎలా ఉంటుందో అప్పుడు చదువుకోండి, ఇవాళ్టికి ఇదీ.

గుణుపురం కోడలు | మార్చి 9, సాయంత్రం 5:15

అంటే ఏడో తరగతి ఒడిశాలో ప్యాసైతే ఒడియా కాగితం వస్తుంది, ఆంధ్రాలో చదివితే లోకల్ వస్తుంది. ఒకే ఏడాది, రెండూ రావు. భలే ఇరుకు పెట్టారు నరసన్నగారూ.

నోటిఫికేషన్ల నరసన్న | మార్చి 9, సాయంత్రం 5:22

ఇరుకు నేను పెట్టింది కాదమ్మా, ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డ 1936 ఏప్రిల్ 1న గీసిన గీత అది :) కానీ మార్గం లేకపోలేదు. ఒడియాకి విడిగా పరీక్ష రాసి కాగితం తెచ్చుకోవచ్చు. లోకల్‌కి అలాంటి పరీక్ష లేదు, చదివిన ఏళ్ళే లెక్క. కాబట్టి ఏది పోతే మళ్ళీ దొరుకుతుందో చూసుకోండి.

చాక్‌పీసు | మార్చి 9, రాత్రి 8:40

నరసన్నా, లెక్క బాగుంది. అయితే పదేళ్ళ పిల్ల ఉద్యోగం గురించి ఇప్పుడే ఇంత లెక్క వేస్తే, రేపు ఉదయం బడికి వెళ్ళి నేర్చుకునే సంగతి ఎవరు చూస్తారు? కాగితం కోసం పిల్లని నది దాటించి అమ్మమ్మ ఇంట్లో పెడితే, రాత్రి పూట ఆమె హోంవర్కు చూసేదెవరు? నేను చూసిన పిల్లల్లో ఆరు, ఏడు తరగతుల్లో వెనకబడింది ఎక్కువగా ఇలా ఇల్లు మారినవాళ్ళే.

రాయగడ ప్యాసింజరు | మార్చి 9, రాత్రి 9:10

మాస్టారూ, మీరన్నది నిజమే. కాకపోతే మీరు పింఛను తీసుకుంటూ అంటున్నారు. ఇక్కడ ఉద్యోగం అనగానే మాలాంటివాళ్ళకి కాగితమే ముందు గుర్తొస్తుంది.

చాక్‌పీసు | మార్చి 9, రాత్రి 9:18

తగిలింది. ఒప్పుకోను గానీ తగిలింది.

నిర్వాహకులు | మార్చి 10, ఉదయం 7:30

రాత్రి ఒక సభ్యుడు ఒక బడి పేరు, అక్కడి హెడ్‌మాస్టరు పేరు రాసి బియ్యం లెక్కల మీద ఆరోపణ పెట్టారు. తీసేశాం. ఫిర్యాదు ఉంటే బీఈఓకి (బ్లాక్ విద్యాధికారికి) రాయండి. ఇక్కడ బడి ఎలా నడుస్తోందో చెప్పండి, పేర్లు వద్దు.

సవరకొండ | సెరంగో దారి | మార్చి 10, ఉదయం 10:44

నేను ఎస్టీ ఎస్సీ డిపార్టుమెంటు హాస్టల్ బళ్ళో పని చేస్తాను. ఇక్కడ అందరూ తెలుగా ఒడియానా ఇంగ్లీషా అంటున్నారు. మా పిల్లలు సవర మాట్లాడుతూ బడికొచ్చి, ఒడియాలో చదివి, సంతలో తెలుగు నేర్చుకుంటారు. ఆరో తరగతికి వచ్చేసరికి మూడు భాషల్లో నవ్వడం వచ్చు, ఒక్కదాంట్లోనూ పేరా రాయడం రాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలోనే మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకి చదువు చెప్పించారు. ఈ ఊళ్ళో వందేళ్ళ కిందటే తేలిన సంగతిని మనం ఇంకా చర్చిస్తున్నాం.

మా వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: ఏకలవ్య బళ్ళు ఆరు నుంచి పన్నెండు దాకా, ఎస్టీ పిల్లలకి, పరీక్ష రాసి చేరాలి, ఉండడం తిండి అక్కడే. మా జిల్లాలో చంద్రగిరిలో ఉంది. ఆడపిల్లలకి కస్తూర్బా ఉంది. హాస్టల్ బడి చూడడానికి వెళ్తే క్లాసురూము ఆఖర్న చూడండి. ముందు వంటగది, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత రాత్రి పూట ఎవరు కాపలా ఉంటారో అడగండి.

గుణుపురం కోడలు | మార్చి 10, మధ్యాహ్నం 12:05

సవరకొండగారు చెప్పిన వరస ఆడపిల్లల డే స్కూలుకి కూడా పనికొస్తుంది. ఇంతమంది రాశారు, మాస్టారు యూడైస్ లెక్కలో అన్నది తప్ప మరుగుదొడ్డి మాట ఒక్కరూ ఎత్తలేదు. మగవాళ్ళు కదా. ఆరు, ఏడు తరగతులంటే పిల్లలు పెద్దమనిషయ్యే వయసు. మేం చూసిన ఒక బళ్ళో ఆడపిల్లల మరుగుదొడ్డి కొత్తది, పింగాణీ పలకలతో ధగధగలాడుతోంది. దానికో తాళం. తాళంచెవి హెడ్‌మాస్టరు టేబులు మీద పెన్నుల స్టాండులో ఉంది. వచ్చే అధికారులకి చూపించడానికి శుభ్రంగా ఉంచామన్నారు. పన్నెండేళ్ళ పిల్ల ఆ గదిలోకెళ్ళి మగ మాస్టార్ల ముందు తాళంచెవి అడుగుతుందా? అడగదు. ఇంట్లో నీళ్ళు తాగకుండా బడికెళ్తుంది, లేదంటే నెలలో నాలుగు రోజులు మానేస్తుంది. యూడైస్‌లో మాత్రం ఆ బడికి "మరుగుదొడ్డి ఉంది" అనే ఉంటుంది.

పాతబజారు గారూ, మీరు వెళ్ళేటప్పుడు మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి.

పాతబజారు | మార్చి 10, రాత్రి 9:55

అమ్మా, ఈ ఒక్క పోస్టుకే మీకు రుణపడి ఉంటాం. మా ఆవిడ చదివి "నేను ముందే చెప్పాను" అంది.

తెలుగు మీడియం సంగతి ఎవరూ చెప్పలేదు. మా చిన్నప్పుడు ఊళ్ళో తెలుగు బడి అంటే పేరుండేది.

చాక్‌పీసు | మార్చి 11, ఉదయం 7:05

ఉన్నచోట ఉన్నాయి, కానీ చెప్పేవాళ్ళు తరిగిపోతున్నారు. ఒడిశా మెట్రిక్‌లో ఇప్పటికీ తెలుగుని మొదటి భాషగా తీసుకునే వీలుంది. వీలుంటే సరిపోదు కదా, మాస్టారు ఉండాలి. ఓఎస్‌ఎస్‌సీ హైస్కూలు టీచర్ల (ఎల్‌టీఆర్) నోటిఫికేషనులో ఆఖరికి తేలిన 7,540 పోస్టుల్లో తెలుగు టీచర్లవి 6. సంస్కృతానివి 723. గంజాం నుంచి కోరాపుట్ దాకా ఉన్న తెలుగు పిల్లలకి ఆ ఆరుగురిలో ఎంతమంది అందుతారో మీరే లెక్కేసుకోండి, నేను రిటైరయ్యాను.

ఆ బళ్ళో వేస్తానంటే వద్దనను. తెలుగు మాస్టారు రిటైర్మెంటు ఎప్పుడో కనుక్కుని వెయ్యండి. మధ్యలో ఆయన దిగిపోతే పిల్లల్ని ఒడియా సెక్షన్లోకి కలిపేస్తారు. మీ పాప ఇప్పటికే ఒడియాలో అయిదేళ్ళు చదివింది. ఆమెకి తెలుగు ఇంట్లో నేర్పండి, బడి మార్చడానికి అదొక్కటే కారణం కాకూడదు.

కాశీనగరం కుర్రోడు | మార్చి 11, ఉదయం 9:33

మాస్టారూ, ఇంట్లో నేర్పడమంటే ఎవలికి కుదురుతాది? మా అమ్మ సంతకం కూడా ఒడియాలోనే.

గుణుపురం కోడలు | మార్చి 11, ఉదయం 9:50

ఆదివారం ఒక గంట, తమ్ముడూ. మా అత్తగారు పిల్లలచేత పెళ్ళి శుభలేఖలు చదివించేవారు. ఊళ్ళో శుభలేఖలకి కరువేముంది.

నదికవతల | మార్చి 11, మధ్యాహ్నం 2:10

ఎటు మార్చినా సరే, కాగితాల సంగతి ఇప్పుడే చూసుకోండి, జూన్‌లో గోల పెట్టొద్దు. టీసీ రాష్ట్రం దాటితే విద్యాశాఖ అధికారి సంతకం కూడా అడుగుతారు. అంతకంటే పెద్ద చిక్కు పెన్ నంబరు. యూడైస్‌లో ప్రతి పిల్లకీ శాశ్వత నంబరు ఉంటుంది. పాత బడివాళ్ళు పిల్ల పేరుని ఆ సైటులోని డ్రాప్ బాక్సులో వదిలితే గానీ కొత్త బడివాళ్ళు తీసుకోలేరు. పిల్ల క్లాసులో కూర్చుని ఉంటుంది, ఆన్‌లైన్లో మాత్రం పాత బళ్ళోనే ఉంటుంది. పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు అన్నీ ఆ నంబరుకే ముడి.

పేరు కూడా సరిచూసుకోండి. అటు బళ్ళో "బెంకట లక్ష్మి", ఆధార్‌లో "వెంకట లక్ష్మి" అని వచ్చినవాళ్ళు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తారు. మార్చాల్సింది అక్కడి అడ్మిషన్ రిజిస్టరులో. ఇక్కడికొచ్చాక నేనేం చెయ్యలేను.

కులం సర్టిఫికెట్టు కూడా గీత దాటదు. అక్కడి జాబితాలో ఉన్న కులం ఇక్కడ లేకపోవచ్చు, ఉన్నా వేరే వర్గంలో ఉండొచ్చు. దాని మీద ఆశతో మారేవాళ్ళు ముందు ఆ జాబితా చూసుకోండి.

రాయగడ ప్యాసింజరు | మార్చి 11, సాయంత్రం 6:27

స్కాలర్‌షిప్పు అన్నారు కాబట్టి ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్పు) సంగతి. ఎనిమిదో తరగతిలో పరీక్ష, నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సర్కారు, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే. నవోదయ, కేంద్రీయ విద్యాలయాల పిల్లలకి లేదు, ప్రైవేటుకి అసలే లేదు. బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు "పోయిన ఏడాది మీ బడి నుంచి ఎంతమంది రాశారు" అని అడగండి. నెగ్గినవాళ్ళ సంఖ్య వదిలెయ్యండి. పిల్లలచేత ఫారం నింపించే ఓపికున్న మాస్టారు ఒకరైనా ఉన్నారా అన్నది అందులో తెలిసిపోతుంది.

పాతబజారు | మార్చి 16, సాయంత్రం 7:40

వెళ్ళొచ్చాం, ఇద్దరమూ, భోజనాలయ్యాకే.

హైస్కూలు: గేటు దగ్గర్నుంచి పెళ్ళివారి ఇల్లులా ఉంది. పీసీఎం పోస్టు నిండింది. ఏడో తరగతికి ఆయన వెళ్తారా అంటే "వెళ్తారు, ప్రస్తుతం మెట్రిక్ డ్యూటీలో ఉన్నారు" అన్నారు. ఫ్యాను వైపు చూడలేదు గానీ కిటికీ వైపు చూశారు మాస్టారూ, దాన్నేమంటారు? ఏడో తరగతి పిల్లాడి లెక్కల నోటుబుక్కు అడిగి చూశాను. దసరా దాకా ఎర్రసిరా టిక్కులు, తేదీలతో సహా. దసరా తర్వాత ఒక్క టిక్కు లేదు. పిల్లాడు మాత్రం పాపం బోర్డు మీదవన్నీ ఎక్కించుకున్నాడు, తప్పులు కూడా. మరుగుదొడ్డి బాగుంది, తాళం లేదు, లోపల నీళ్ళున్నాయి. మా ఆవిడ అక్కడికి పది మార్కులు వేసింది.

యూపీ స్కూలు: గోడలు పెచ్చులూడుతున్నాయి. ముగ్గురు టీచర్లలో ఒకావిడ సైన్సు, లెక్కలు చెప్తారు. మేం వెళ్ళేసరికి ఆరో తరగతి పిల్లలచేత వరండా పొడవు అడుగులతో కొలిపించి, దాన్ని మీటర్లలోకి మార్పిస్తున్నారు. నలుగురు కొలిస్తే నాలుగు రకాలుగా వచ్చింది. ఎందుకొచ్చిందని పిల్లలే కొట్టుకుంటున్నారు, ఒడియాలో కొందరు, తెలుగులో కొందరు. ఆవిడ ఒడియా ఆవిడే, పిల్లల తెలుగు అర్థం చేసుకుంటున్నారు. నోటుబుక్కుల్లో మొన్నటి శనివారం దాకా టిక్కులున్నాయి. భోజనంలో పెట్టే డాల్మా (కూరముక్కల పప్పు) రుచి చూశాను, ఉప్పు తక్కువ, పప్పు చిక్కగానే ఉంది. మరుగుదొడ్డి ఒకటే, తలుపు గడియ ఊడిపోయింది. లోపల ఒకరుంటే బయట ఒకరు కాపలా కాస్తున్నారు.

పాతపట్నం వద్దనుకున్నాం. అత్తగారింట్లో కోపాలు మొదలయ్యాయి, అది వేరే చర్చ. ఆదర్శలో సీటొస్తే మళ్ళీ ఆలోచిస్తాం. రాకపోతే యూపీ స్కూలే.

కాశీనగరం కుర్రోడు | మార్చి 16, రాత్రి 8:02

తొమ్మిదిలో మళ్ళీ మారాలి అన్నా. నేను ముందే సెప్పాను.

పాతబజారు | మార్చి 16, రాత్రి 8:10

మారుద్దాం తమ్ముడూ. ఎనిమిది దాకా లెక్కలు వస్తే తొమ్మిదిలో అరవైమంది మధ్యనైనా కూర్చుంటుంది.

గుణుపురం కోడలు | మార్చి 16, రాత్రి 8:45

గడియ సంగతి వదలకండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. చేరగానే మీ ఆవిణ్ణి కమిటీలోకి వెళ్ళమనండి. మా దగ్గర తీర్మానం పుస్తకంలో రాయించాకే ప్లంబరు వచ్చాడు. అంతకుముందు ఏడాదంతా నోటిమాటే.

చాక్‌పీసు | మార్చి 17, ఉదయం 6:30

కిటికీ వైపు చూస్తే ఆశ ఉన్నట్టే, ఏప్రిల్‌లో ఇంకోసారి వెళ్ళి అడగండి. మెట్రిక్ డ్యూటీలు అప్పటికి అయిపోతాయి. ఇంకొక్క మాట, ఆ లెక్కల టీచరమ్మ బదిలీ మీద ఉన్నారేమో కనుక్కున్నారా? బడి అంతా ఆవిడ మీదే నిలబడితే, ఆవిడ వెళ్ళిన రోజున మీ పోలిక మొత్తం తిరగబడుతుంది.

పాతబజారు | మార్చి 17, ఉదయం 7:15

అడిగాను. వచ్చి రెండేళ్ళే అయిందట. ఇల్లు కూడా ఈ ఊళ్ళోనే కట్టుకుంటున్నారని ఆయాగారు చెప్పింది. పునాదులు లేచాయట.

చాక్‌పీసు | మార్చి 17, ఉదయం 7:20

అయితే వేసెయ్యండి.

కాశీనగరం కుర్రోడు | మార్చి 17, ఉదయం 9:41

నాదొక డౌటు, ఇదే చర్చలో అడిగేస్తన్నాను. మా మేనల్లుడు నాలుగు చదువుతున్నాడు. వచ్చే ఏడాది అయిదుకి గుణుపురం బళ్ళో వేసి నవోదయకి కోచింగు ఇప్పిద్దామని బావ అంటున్నాడు. ఇల్లు కాశీనగరంలోనే. పర్లేదా?

రాయగడ ప్యాసింజరు | మార్చి 17, ఉదయం 10:12

వద్దు. కాశీనగరం గజపతి జిల్లా, గుణుపురం రాయగడ జిల్లా. నవోదయకి ఇల్లూ, అయిదో తరగతి చదివే బడీ రెండూ ఒకే జిల్లాలో ఉండాలి, ఆ జిల్లా నవోదయకే రాయాలి. పల్లెటూరి కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లెటూరి బళ్ళోనే చదివి ఉండాలి, ఉన్న సీట్లలో 75 శాతం ఆ కోటాకే. పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. బడి కదపకండి, కోచింగు కావాలంటే ఆదివారాలు గుణుపురం తీసుకెళ్ళమను. పేపరు తెలుగులో రాస్తాడా ఒడియాలోనా అన్నది ఫారంలోనే రాయాలి. ఆ రోజు బావని ఒక్కణ్ణే నెట్ సెంటరుకి పంపకు, నువ్వూ వెళ్ళు.